మా అక్క కటింగ్ పేజీ

ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందుగాల యాదికొచ్చేది చలికాలం ఎండ. అమీర్‌పేటల మా ఇన్‌స్టిట్యూట్ మూడో అంతస్తుల ఉండె. మధ్యాహ్నం రెండు గంటల బ్యాచ్ పిల్లలు అన్నం తినొచ్చి కూసునేటోళ్లు, సగం మంది కండ్లు తెరుచుకునే నిద్రపోయేటోళ్లు. పక్క బిల్డింగుల ఎవరో డెమో క్లాసు చెప్తుంటే ఆ గొంతు కిటికీలకెళ్లి తేలుకుంట వచ్చేది. కింద మెట్రో పిల్లర్లు కడుతున్న చప్పుడు, జిరాక్స్ షాపుల చప్పుడు, పాంప్లెట్లు పంచేటోళ్ల పిలుపులు, అన్ని కలిసి దూరంగ ఎవరో జోల పాడుతున్నట్టుండేది. వెబ్ పేజీ ఎట్ల కట్టాల్నో నేను చెప్పుకుంట పోతుంటి, చెప్తుంటే చెప్తుంటే నాకే కునుకొచ్చేది. ఆ ఏడాది మొత్తం సగం నిద్రలనే గడిపిన్నేమో అనిపిస్తది ఇప్పుడు.

కానీ ఆ నిద్రల ఒక కొట్లాట సుత ఉన్నది. చూసేటందుకు నేను మెత్తగనే కనపడ్త. కోపం మాత్రం నాకు ముక్కు మీదనే ఉంటది. ఆ కోపం ఎవరి మీద పోయిందో చెప్పుకుందామనే ఇదంత రాస్తున్న.

మాది సిరిసిల్ల దిక్కు. మా నాయిన సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేటోడు. అక్క పెండ్లయి పంజగుట్టకొచ్చింది, చదువు పేరు చెప్పి నేను ఆమె ఎన్క వచ్చిన. వచ్చిన కొత్తల అక్క ఒక లేడీస్ టైలర్ షాపుల పనికి కుదిరింది. గుండీలు కుట్టుడు, కాజాలు తీసుడు, తర్వాత మిషన్ మీద కుట్టుడు. అన్ని నేర్పిన్రు గానీ కటింగ్ మాత్రం నేర్పలే. ఆ ధంధల అది రివాజు. ఆది జాకెట్టు పరిచి, సుద్దతోని గీత గీసి, కటింగ్ మాస్టర్ కత్తెర పట్టిండంటే చాలు, ఆడోళ్లను చాయ్ తెమ్మని పంపేటోడు. ఎవరన్న ఉండిపోతే అటు తిరిగి నిలబడి కత్తిరించేటోడు. కుట్టెటోళ్లు వందమంది దొరుకుతరు. కత్తిరించుడు వచ్చినోడే మాస్టర్. ఆ ఒక్క పని చేతుల పెట్టుకుని ఆయన అందరిని ఆడించేటోడు.

మా అక్క తొమ్మిదేండ్లు ఆయన వీపు చూసింది. ఆ వీపు కదిలే తీరు చూసే చంక ఎంత వంపు తిరుగుతదో, మెడ ఎంత లోతు పోతదో పట్టేసింది. ఇది కథ కాదు, నిజం. ఇప్పటికి సుత ఆమె కత్తెర పడితే భుజం జర ఎడమకు వంగుతది, అచ్చం ఆయన లెక్కనే.

తర్వాత పంజగుట్టల ఒక గల్లీల చిన్న షటర్ తీసుకున్నది. సొంత దుకాణం. అప్పటికెళ్లి ఆడోళ్ల ఫోన్లు మొదలైనయ్. అక్కా, చంక కాడ గుంజుతున్నది ఏం చేయాలె? అక్కా, మెడ జారుతున్నది ఎట్ల? అందరికి చెప్పి చెప్పి గొంతు పోయి ఒకనాడు నాతోని అన్నది, "నువ్వేవో పేజీలు కడ్తవు కదనే, నాకొకటి కట్టు. అందులనే అంత చెప్పేస్త. ఒక్కటి యాది పెట్టుకో. వచ్చినోళ్లను పేరు అడుగొద్దు, నంబరు అడుగొద్దు. రావాలె, చూడాలె, కత్తిరించుకోవాలె."

కట్టిన. ఆదివారాలు ఖాకీ కాగితం మీద ఆమె సుద్దతోని గీసేది, నేను ఫోటోలు తీసేది. ఆమె చెప్పేది, నేను తెలుగుల రాసేది. షటర్ సగం దించితే కిందికెళ్లి ఎండ పాకుకుంట వచ్చి ఆ కాగితాల మీద పడేది. మిషన్ మూల మీద చాయ్ చల్లారిపోయేది. జిందగీల నేను గంత నిమ్మళంగ ఎన్నడు లేను. పన్నెండు పాఠాలైనయ్. సిరిసిల్ల, కరీంనగర్, సనత్‌నగర్, ఎక్కడెక్కడి ఆడోళ్లో చూస్తున్నమని ఫోన్ చేసి చెప్తుంటే అక్క మొకం వెలిగిపోయేది. తొమ్మిదేండ్లు వీపు చూసి నేర్చుకున్నది ఆమె అందరి దిక్కు మొకం పెట్టి చెప్తున్నది. ఆ పేజీ ఆమెకు దుకాణం కంటె ఎక్కువ.

కొట్లాట ఎండాకాలంల మొదలైంది. మా ఇన్‌స్టిట్యూట్‌ల జావా చెప్పే సార్ ఒకాయన ఉండె, గుంటూరు దిక్కాయన. లేచినా కూసున్నా 'అండి' లేకుండ మాట రాదు. ఒకనాడు స్టాఫ్ రూంల నా ముంగట కూసోని చెప్పిండు. "చూడండి, ఫోన్ కంపెనీలు ఒక సైటుకి ఒక రేటు, ఇంకో సైటుకి ఇంకో రేటు పెడతామంటున్నాయండి. వాళ్లకి నచ్చినవి చకచకా తెరుచుకుంటాయి, నచ్చనివి నత్తనడక నడుస్తాయి. ఇవ్వాళ మీరూ నేనూ కట్టే చిన్న పేజీ కూడా పెద్ద కంపెనీ పేజీలాగే తెరుచుకుంటోంది. రేపు ఆ మాట ఉండదండి." ఢిల్లీల నెట్ సంగతులు చూసే సర్కారు సంస్థ జనాన్ని అభిప్రాయం అడుగుతున్నదంట, ఎవరైనా మెయిల్ పంపొచ్చంట.

నాకు వెంటనే అక్క పేజీ మెదిలింది.

రెండు గంటల బ్యాచ్‌కు చెప్పినం. ఆ పిల్లల నిద్ర ఎటు పోయిందో. పది నిమిషాలల్ల ల్యాబ్‌ల కంప్యూటర్లన్ని టకటకలాడినయ్. ఒక్కటే తమాషా అయింది. అమీర్‌పేటల పిల్లలకు వచ్చిన ఉత్తరం ఒక్కటే, రెజ్యూమె. ఒకరి దగ్గర ఫార్మాట్ ఉంటే ఊరంత అదే. సార్ వెనక నిలబడి చదువుతుంటే ఆయనకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. ఒకడు మొదట్ల తన లక్ష్యం రాసిండు, సవాళ్లున్న సంస్థల నా నైపుణ్యాన్ని చూపించాలని కోరిక అని. ఇంకొకామె తండ్రి పేరు, పుట్టిన తేదీ, పాటలు వినుడు హాబీ అని రాసింది. అందరి మెయిళ్ల కిందా ఒకే మాట, పైన చెప్పినవన్ని నా ఎరుకల నిజమని ప్రకటిస్తున్న అని. సార్ దిద్దుదామని చెయ్యి ఎత్తి మళ్ల దించుకున్నడు. "ఉండనీయండి, నిజమే కదా చెప్పారు," అన్నడు.

దేశం మొత్తం మీదికెళ్లి లక్షల మెయిళ్లు పోయినయంట. మాయి సుత అందుల కలిసిపోయినయ్. ఆ సాయంత్రం అమీర్‌పేట నుంచి పంజగుట్ట దాక నడుచుకుంటనే పోయిన. సగం కట్టిన పిల్లర్ల నడుమ ఆకాశం గులాబీ రంగుల ఉన్నది, కాళ్లు భూమికి ఆనుతలేవు. అక్కకు చెప్దామనుకున్న గానీ దుకాణంల గిరాకీ నిండుగ ఉండె. తర్వాత చెప్తలే అనుకున్న. ఆ తర్వాత అనేది రానే రాలే.

మళ్ల చలికాలం వచ్చింది. ఈసారి ఒక పెద్ద కంపెనీ బీదోళ్లకు నెట్ ఫ్రీగ ఇస్తమని మొదలువెట్టింది. ఫోన్ల వాళ్ల యాప్ తెరిస్తే చాలు, ఫ్రీ నెట్‌కు మద్దతు ఇయ్యున్రి అని ఒక బటన్ వచ్చేది. నొక్కితే నీ పేరు మీద ఢిల్లీకి మెయిల్ పోతది. ఆ ఫ్రీ నెట్‌ల అన్ని సైట్లు రావు, ఆ కంపెనీ ఒప్పుకున్నయే వస్తయ్. సార్ అమీర్‌పేట మొత్తం తిరిగి పిల్లలకు ఇదే చెప్తున్నడు, నేను ఆయన ఎంబడి తిరుగుతున్న.

ఒక మధ్యాహ్నం అక్క దుకాణంకు పోయిన. నన్ను చూసి ఆమె మురిసిపోయి అన్నది, "నువ్వు ఢిల్లీకి మెయిల్ పంపినవని మీ బ్యాచ్ పిల్ల ఒకామె జాకెట్టు కుట్టియ్య వచ్చి చెప్పింది. నీ లెక్కనే నేను సుత పంపిన. బటన్ వచ్చింది, నొక్కిన. సంఘంల అందరితోని నొక్కిపిచ్చిన."

సంఘం అంటే పొదుపు సంఘం. అక్క దానికి లీడర్. అందుల రివాజు ఏందంటే, లీడర్ సంతకం పెట్టినంక మిగిలినోళ్లు కాగితం చదవరు. అక్క పెట్టింది కదా, నేను పెడ్త. అంతే. వాట్సాప్‌ల అక్క ఒక్క మాట పెట్టింది, నేను నొక్కిన, మీరు సుత నొక్కున్రి అని. టిఫిన్ తినేలోపల సంఘం మొత్తం నొక్కేసింది. ఎన్నడు కాగితం చదవని సంఘం ఈసారి సుత చదవలే.

దుకాణంల ఇద్దరు గిరాకీలున్నరని సుత చూడలే. "నీ పేజీకి నువ్వే తాళం వేసుకున్నవ్ గదనే," అని అరిసిన. ఆ ఫ్రీల నీ పేజీ ఉండదు, ఉండాల్నంటే వాళ్లకు దరఖాస్తు పెట్టుకోవాలె, వాళ్లు చూసి సరే అంటేనే ఉంటది, నీ పాఠాలు చూసే ఆడోళ్లంత ఆ ఫ్రీల పడితే ఇగ నిన్నెవరు చూడరు అని గడగడ చెప్పిన. ఇన్ని రోజులు చెప్పకపోవుడు నాది తప్పు. అరిసింది మాత్రం ఆమె మీద.

అక్క కత్తెర బల్ల మీద పెట్టింది. గల్లీల ఎవరో గాలిపటం మాంజా చుట్టుకుంటున్నరు, ఆ చరఖా చప్పుడు ఒక్కటే వినవడ్డది.

"అంటే, కుట్టుడు మనకిచ్చి కత్తెర వాళ్ల దగ్గర పెట్టుకుంటరన్నట్టు," అన్నది మెల్లగ.

జావా సార్ పది నెలలకెళ్లి చెప్తున్నదంత ఆమె ఒక్క మాటల చెప్పింది. నా కోపం అట్లనే దిగిపోయింది. ఇంకా జర సేపు అరుద్దామంటే సుత ఏం మిగలలే.

పోయిన మెయిల్ వాపస్ రాదు. కానీ ఉత్త మద్దతు మెయిల్ సరిపోదు, అడిగిన ప్రశ్నలకు జవాబులు రాయాలె అని ఢిల్లీవాళ్లు అన్నరని సార్ చెప్పిండు. అయితే మనమే రాద్దామన్నది అక్క. ఆదివారం మధ్యాహ్నం సంఘం అంత దుకాణంల జమైంది. హ్యాంగర్లకు వేలాడుతున్న జాకెట్ల నడుమ, చిన్న స్టూలు మీద, మోకాళ్లు దగ్గర పెట్టుకుని సార్ కూసున్నడు. సిగ్గుతోని ఆయన చెవులు ఎర్రగైనయ్. ఇంగ్లీషు ప్రశ్న చదివి తెలుగుల చెప్పేటోడు, ఆడోళ్లు చెప్పింది నేను టైప్ చేసేది.

"వేరే వేరే సైట్లకి వేరే వేరే ధర పెట్టడానికి కంపెనీలకి అనుమతి ఇవ్వొచ్చా అని అడుగుతున్నారండి."

ఒక పెద్దామె దారం పంటితోని తెంపుకుంట అన్నది, "మా గల్లీల నల్లా నీళ్లొస్తయ్ సారూ. బియ్యం కడిగే నీళ్లకొక రేటు, బట్టలుతికే నీళ్లకొక రేటు ఉంటదా? నీళ్లు నీళ్లే."

అట్లనే రాసిన. ఒక్క అక్షరం మార్చలే. అందరు ఒకరి ఎన్క ఒకరు చెప్పిన్రు, ఈసారి ఎవరి మాట వాళ్లది. మిషన్లన్ని ఆగి ఉన్నయ్, గొంతులు మాత్రం నడుస్తున్నయ్. అక్కడ కూసుంటే కాలం సుత మాతోని కూసున్నట్టు అనిపించింది.

చివరికి సార్ ఇంకొక ప్రశ్న చదివిండు. ఇట్ల కాకుండ బీదోళ్లకు నెట్ ఫ్రీగ ఇచ్చే వేరే దారులేమన్న ఉన్నయా అని.

"ఉంటే మీరే చెప్పున్రి సారూ," అన్నది మూలకెళ్లి ఒకామె.

ఆమె సనత్‌నగర్ నుంచి సంఘంకు వస్తది. అక్కడ అట్టడబ్బాలు అంటించే షెడ్డుల పని. అక్క పేజీ చూసి కటింగ్ నేర్చుకుంటున్నది, కటింగ్ వస్తే షెడ్డు మానేసి సొంతంగ కుట్టుకుందామని ఆమె ఆశ. తన పేజీ చూసి నేర్చినోళ్లల్ల చెయ్యి తిరిగింది ఆమెకే అని అక్క పది మందికి చెప్పేది.

"నేను జవాబు రాయ," అన్నది ఆమె. "నొక్కిన బటన్ నొక్కిన్నే. నెల సగం కాకముందే నా బ్యాలెన్స్ అయిపోతది. అక్క పాఠం సగం తెరుచుకుని ఆగుతది. మీకు ఆఫీసుల వైఫై ఉన్నది, దుకాణంల వైఫై ఉన్నది. ఎవరో ఒకరు ఫ్రీ ఇస్తమంటే మీరెందుకు అడ్డం పడ్తరు? ఆకలి రుచి ఎరుగదంటరు."

అక్క పేజీ ఆ ఫ్రీల రాదని సార్ మెల్లగ చెప్పబోయిండు. ఆయన నోరు తెరిచేలోపల నేను లేచిన. ఎవరి పేజీ చూసి నేర్చుకుంటున్నదో ఆ పేజీనే కాదంటదా అని ఒంటికి కారం రాసుకున్నట్టైంది. "ఫ్రీగ వస్తే ఫినాయిల్ సుత తాగుతరు మీ అసుంటోళ్లు," అన్న. "మీ వల్లనే వాళ్లకు గింత ధైర్యం."

ఆమె లేచింది. సంచిల తన ఆది జాకెట్టు మడిచి పెట్టుకున్నది, చెప్పులేసుకున్నది, అక్కకు పోయొస్త అని చెప్పి పోయింది. అక్క నా దిక్కు చూడలే. సార్ ల్యాప్‌టాప్ మూత మీద లేని దుమ్ము తుడుచుకుంట కూసున్నడు.

తర్వాత ఆమె సంఘంకు రాలే. ఫోన్ చేస్తే షెడ్డుల పని ఎక్కువున్నదనేది.

కొన్ని వారాలకు ఒక మధ్యాహ్నం, మళ్ల అదే రెండు గంటల బ్యాచ్, సార్ నా క్లాసు తలుపు కాడ నిలబడ్డడు. గెలిచినమన్నట్టు తల ఊపిండు. సైటుకొక రేటు పెట్టొద్దని ఢిల్లీల తేల్చేసిన్రు. పిల్లలు బల్లలు చరిచిన్రు. సార్ సమోసాలు తెప్పిచ్చిండు, ఒక్కటి తినలే, కిటికీ కాడ నిలబడి అద్దాలు తీసి కండ్లు తుడుచుకున్నడు. నేను పంజగుట్టకు ఉరికిన. దారి మొత్తం ఎండ, దుమ్ము, పసుపు రంగు పాంప్లెట్లు. అవన్ని మా కోసమే ఎగురుతున్నయేమో అనిపించింది.

చెప్తే అక్క చీర కొంగుతోని మొకం తుడుచుకుని నవ్వింది. నా పేజీకి ఢోకా లేదా అంటే లేదన్న. ఎవ్వరిని అడిగే పని లేదా అంటే లేదన్న. తర్వాత అడిగింది, "మరి ఆమెకు?"

"ఆమెకు ఎప్పటి లెక్కనే," అన్న.

"పో. ఆమెను చూసి రా," అన్నది అక్క.

ఆదివారం సనత్‌నగర్ పోయిన. షెడ్లన్ని మూసి ఉన్నయ్, గల్లీ నిండ అట్టముక్కల వాసన. ఆమె గది ముంగట కూసోని బియ్యంల రాళ్లు ఏరుతున్నది. నన్ను చూసి లేచి చాప పరిచింది, మంచినీళ్లిచ్చింది. "గెలిచిన్రంట కదా మేడం, అక్క మెసేజ్ పెట్టింది," అన్నది. గొంతుల ఎత్తిపొడుపు లేదు. అది ఉంటే నాకు జర నయముండేది.

పాఠాలు ఎంతదాక వచ్చినయని అడిగిన, మాట ఎట్ల మొదలువెట్టాల్నో తెల్వక. ఆమె లోపలికి పోయి ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చింది. మొదటి పాఠం కాంచి అన్ని ఉన్నయ్, స్కేలు పెట్టి గీసిన బొమ్మలతోని, నేను రాసిన తెలుగు ముక్కలతోని. బ్యాలెన్స్ ఉన్నన్ని రోజులు చూసి రాసుకునేదంట. తొమ్మిదో పాఠం జాకెట్ చేతులది. అందుల చెయ్యి భుజం కాడ మొదలై మోచేతికి రాకముందే ఆగింది. కింద కాగితం ఖాళీ.

"ఇక్కడ ఆగిపోతది మేడం. ప్రతి నెల మొదటి పాఠంకెళ్లి తెరుచుకుంట ఇక్కడిదాక వస్తది, ఆగుతది."

నా ఫోన్ తీసి ఆ పాఠం తెరిచిన. అప్పుడు కనవడ్డది. ఆ ఫోటోలు ఎట్ల తీసినవి అట్లనే పెట్టిన నేను. ఒక్కొక్క బొమ్మ ఒక సినిమా పాట అంత బరువు. ఫోటో చిన్నగ చేసి పెట్టాలె, లేకుంటే చూసేటోళ్ల డేటా తినేస్తదని నా క్లాసుల రెండో వారమే చెప్త. చేయని పిల్లలను నిలబెట్టి తిడ్త. మా అక్క పేజీకి మాత్రం చేయలే. నా దగ్గర, అక్క దగ్గర అది రెప్పపాటుల తెరుచుకునేది, అందుకని ఎన్నడు చూసుకోలే. ఏడాది పొడుగునా కంపెనీలు ఆ తలుపు మూస్తయని ఢిల్లీ దాక కొట్లాడిన. ఆమెకు ఆ తలుపు సగమే తెరుచుకున్నది, అడ్డమున్నది నేనే.

ఆమెకు చెప్పిన. దాచుకోలే. నీ బ్యాలెన్స్ తిన్నది నేను పెట్టిన బొమ్మలే, గంట పని చేస్తే పేజీ తేలికైతది, అప్పుడు నెలంత చూసినా అయిపోదు, నేనే చేయలే అని చెప్పిన. ఆమె అంత విన్నది. చాట పక్కకు పెట్టి నా దిక్కు చూసింది.

"మరి గా దినం నన్నెందుకట్ల అన్నరు మేడం?"

కండ్లల్ల నీళ్లు తిరిగినయ్, ఆపుకున్న, ఏడ్చే హక్కు సుత నాకు లేదనిపించింది. ఆమె నోట్‌బుక్ ముంగటికి జరుపుకుని పెన్ను తీసింది. నేను ఫోన్‌ల మిగిలిన సగం పాఠం మెల్లగ చదివిన, ఆమె రాసుకున్నది.